పాత కంప్యూటర్‌కు ఏ ఓఎస్ వెయ్యాలి: విప్పి చూడటం నుంచి తెలుగు టైపింగ్ దాకా

మల్కాజిగిరిలో ఉండే మా మేనత్త పోయిన ఎండాకాలం అటక సర్దుతూ పది అంగుళాల నెట్‌బుక్ ఒకటి కిందికి దింపింది. "ఇది పాత సామాన్ల బండికి వెయ్యాలా, ఏమన్న పనికొస్తదా చూడురా" అని నా చేతిలో పెట్టింది. ఆమెకు కావాల్సింది పెద్ద పనేమీ కాదు. ఏళ్ల తరబడి నోటు పుస్తకాల్లో రాసుకున్న భజన పాటలన్నీ తెలుగులో టైప్ చేసి దాచుకోవాలి, ఎప్పుడైనా ప్రింట్ తీయించుకోవాలి. అంతే.

ఆ పనికి ఆ నెట్‌బుక్ నిక్షేపంగా సరిపోతుంది. అందులో ఉన్న విండోస్ ఎక్స్‌పీకి మాత్రం 2014 ఏప్రిల్‌లోనే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. 2025 అక్టోబర్ 14 నుంచి విండోస్ 10 పరిస్థితీ దాదాపు అదే కాబట్టి ఇక మీదట అటకలెక్కే కంప్యూటర్లలో చాలావరకు బాగా పనిచేసేవే ఉంటాయి.

ఇలాంటి మెషీన్ చేతికి రాగానే చాలామంది "పాత సిస్టమ్‌కి ఏ లినక్స్ బెస్ట్" అని వెతుకుతారు. లినక్స్ అంటే విండోస్ బదులు ఉచితంగా వేసుకోగల ఓఎస్, అంటే కంప్యూటర్‌ని నడిపే మూల సాఫ్ట్‌వేర్. అందులో చాలా రకాలున్నాయి. అసలు ముందు అడగాల్సింది అది కాదు. ఆ డబ్బాలో ఏ ప్రాసెసర్ ఉంది, ఎంత ర్యామ్ ఉంది, దాని ముందు కూర్చునేది ఎవరు, ఏం పని చేస్తారు అన్నవి ముందు తేలాలి. ఆ తర్వాత ఓఎస్ ఎంచుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ఈ వరుస తప్పిన వాళ్లే నాలుగైదు రకాల లినక్స్‌లు వేసి, తీసి, విసిగిపోయి మెషీన్‌ని మళ్లీ అటకెక్కిస్తారు.

మొదటి మెట్టు: కరెంటు పెట్టకముందు

ల్యాప్‌టాప్ అయితే ముందు బ్యాటరీ చూడండి. ఉబ్బి ఉంటే తీసి పక్కన పెట్టి, అడాప్టర్ మీదే నడపండి. ఉబ్బినదాన్ని చెత్తబుట్టలో వెయ్యకండి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వాలి. డెస్క్‌టాప్ అయితే మదర్‌బోర్డు మీద నిలబడి ఉండే చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల నెత్తి చూడండి. చదునుగా ఉంటే మంచిదే. 2000 తర్వాతి కొన్నేళ్లలో వచ్చిన బోర్డుల్లో అవి ఉబ్బిపోవడం మామూలు. అలాంటి బోర్డు మధ్యమధ్యలో ఊరికే ఆగిపోతుంటుంది, మనమేమో ఓఎస్‌ని తిట్టుకుంటాం.

తర్వాత దుమ్ము. మన ఊళ్లో పదేళ్లు వాడిన మెషీన్ ఫ్యాన్ విప్పితే హీట్‌సింక్ మీద దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంటుంది. ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండి పెళుసుగా రాలిపోతుంటుంది. మే నెలలో బయట నలభై డిగ్రీలు దాటినప్పుడు ఆ ప్రాసెసర్ వేడి తట్టుకోలేక వేగం తగ్గించుకుంటుంది. పెయింట్ బ్రష్‌తో దుమ్ము దులిపి, పాత పేస్ట్ తుడిచి కొత్తది రాస్తే, ఏ సాఫ్ట్‌వేర్ మార్చకుండానే మెషీన్ తేలికపడుతుంది.

ఇప్పుడు అందరూ వదిలేసే విషయం: మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత సెల్, సీఆర్2032. దీని వల్ల నాకు రెండు సాయంత్రాలు పోయాయి. ఓ డెస్క్‌టాప్‌లో డెబియన్ అనే లినక్స్ చక్కగా ఎక్కింది, నెట్ కూడా వచ్చింది. కానీ ఏ ప్యాకేజీ (ప్రోగ్రామ్ మూట) దించబోయినా, రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదన్న ఎర్రర్. బ్రౌజర్‌లో ఏ సైట్ తెరిచినా సర్టిఫికెట్ తప్పంటుంది. కేబుల్ మార్చాను, రౌటర్ మార్చాను. చివరికి స్క్రీన్ మూలనున్న తేదీ చూస్తే 2005 జనవరి 1! సెల్ చచ్చిపోవడంతో ప్లగ్ తీసిన ప్రతిసారీ గడియారం మొదటికి వెళ్లిపోతోంది. ఆ మెషీన్ లెక్కలో ఇవాళ్టి సర్టిఫికెట్లన్నీ ఇంకా పుట్టనే లేదు మరి. సెల్ కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది. ఓఎస్ వెయ్యకముందే మార్చేసి, బయోస్‌లో (ఓఎస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెర) తేదీ సరిచెయ్యండి. కొన్ని నెట్‌బుక్‌లలో ఆ సెల్ వైరుతో, ప్లాస్టిక్ తొడుగులో ఉంటుంది, దాన్ని మాత్రం రిపేర్ షాపులో అడగాలి.

పాత హార్డ్‌డిస్క్‌లో ఫొటోలు, కాగితాలు ఉంటే ఈ దశలోనే బయటికి కాపీ చేసుకోండి. మా అత్త నెట్‌బుక్‌లో బావ పెళ్లి ఫొటోలు దొరికాయి. ఇంకెక్కడా కాపీ లేదు.

రెండో మెట్టు: మెషీన్‌ని అడిగి తెలుసుకోవడం

స్టిక్కర్‌ని నమ్మకండి. పీసీ ప్రాసెసర్లలో పాత రకం 32-బిట్, తర్వాత వచ్చింది 64-బిట్. 64-బిట్ ఓఎస్ 32-బిట్ ప్రాసెసర్ మీద నడవదు. 32-బిట్ విండోస్‌తో అమ్మిన ఎన్నో మెషీన్లలో ఉన్నది 64-బిట్ ప్రాసెసర్. కోర్ 2 డుయో అని ఉంటే అది 64-బిట్. మధ్యలో ఆ '2' లేకుండా ఒట్టి కోర్ డుయో అని ఉంటే 32-బిట్. ఒక్క అంకె తేడాతో దారే మారిపోతుంది.

ఏదో ఒక లైవ్ పెన్‌డ్రైవ్‌తో (హార్డ్‌డిస్క్ మీద ఏమీ వెయ్యకుండానే లినక్స్ నడిపేది, తయారీ నాలుగో మెట్టులో ఉంది) బూట్ చేసి, అంటే మెషీన్‌ని దాని నుంచి మొదలుపెట్టి, టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) తెరిచి ఎల్‌ఎస్‌సీపీయూ అని చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీ లేకుండా టైప్ చెయ్యండి. వచ్చే వరసల్లో ఫ్లాగ్స్ అని పొడవాటి వరస ఒకటుంటుంది. అందులో మూడు చూడాలి. 'ఎల్‌ఎం' ఉంటే ప్రాసెసర్ 64-బిట్‌ది. 'పీఏఈ' లేకపోతే చాలా 32-బిట్ కెర్నల్‌లు (ఓఎస్‌కి గుండెకాయ లాంటివి) బూట్ అవ్వవు. కొన్ని పెంటియం ఎం ప్రాసెసర్లలో ఆ సౌకర్యం ఉన్నా ఉన్నట్టు చెప్పవు. బూట్ లైన్‌లో (బూట్ మెనూలో కెర్నల్‌కి ఇచ్చే మాటల వరస) 'ఫోర్స్‌పీఏఈ' అని చేరిస్తే నడుస్తాయి. 'ఎస్‌ఎస్‌ఈ2' లేకపోతే ఇవాళ్టి పెద్ద బ్రౌజర్ల మీద ఆశ వదులుకోవడమే. ర్యామ్ ఎంతుందో 'ఫ్రీ' అనే కమాండ్ చెబుతుంది.

అత్త నెట్‌బుక్ చెప్పిన జవాబు: ఆటమ్ ఎన్270, 32-బిట్ మాత్రమే, పీఏఈ ఉంది, ఎస్‌ఎస్‌ఈ2 ఉంది, ర్యామ్ 1 జీబీ. ఈ తరం నెట్‌బుక్‌లలో మామూలుగా ర్యామ్ స్లాట్ ఒక్కటే, 2 జీబీ మించి పట్టదు. ఆ 2 జీబీ కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లాను. "అన్నా, ల్యాప్‌టాప్‌ది డీడీఆర్2 రెండు జీబీ ఉంటదా?" అనడిగితే, "కొత్తది రాదు భయ్యా, తీసిన ముక్క ఉంది. ఇక్కడనే పెట్టి చూసుకొని తీస్కపో" అన్నాడు షాపతను. ఆ మాట బంగారం. పాత ర్యామ్ కొనేటప్పుడు మెషీన్ చేతిలో పట్టుకెళ్లండి, అక్కడే ఆన్ చేసి చూడండి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొంటే ఆ అవకాశం తక్కువ, ధర ఆ లెక్కనే అడగండి.

మూడో మెట్టు: ఎంచుకోవడం

64-బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉంటే మీకసలు సమస్యే లేదు. లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ గానీ, డెబియన్ 13 గానీ వేసుకోండి. 2 జీబీ అయితే అదే డెబియన్‌ని ఎల్‌ఎక్స్‌క్యూటీ అనే తేలికైన డెస్క్‌టాప్‌తో (తెర మీది కిటికీలు, మెనూల ఏర్పాటు) వాడండి.

చిక్కంతా 32-బిట్ దగ్గరే. ఒక్కొక్కరే తలుపు మూసేస్తున్నారు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32-బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ లేదు, కెర్నల్ లేదు. అదే ఏడాది నవంబర్‌లో వచ్చిన 145వ వెర్షన్ నుంచి ఫైర్‌ఫాక్స్ 32-బిట్ లినక్స్‌ని వదిలేసింది. డిసెంబర్‌లో లినక్స్ కాని మరో ఉచిత ఓఎస్ ఫ్రీబీఎస్‌డీ 15 కూడా 32-బిట్ పీసీలకు ఇన్‌స్టాల్ ఇమేజ్‌లు (పెన్‌డ్రైవ్‌లోకో సీడీలోకో ఎక్కించే ఫైళ్లు) ఆపేసింది. ఇది దురుద్దేశంతో చేసిందని నేననుకోను. పరీక్షించే మనుషులు, మెషీన్లు లేకుండా ఏ ప్రాజెక్టూ ఎల్లకాలం మోయలేదు. అందుకే ఇంకా మోస్తున్నవాళ్లను గుర్తుపెట్టుకోవాలి.

512 ఎంబీ నుంచి 2 జీబీ దాకా ఉన్న 32-బిట్ పీసీకి నా మొదటి ఎంపిక యాంటీఎక్స్ 23. డెబియన్ 12 పునాది మీద కట్టింది కాబట్టి డెబియన్ ప్యాకేజీలు దాదాపు అన్నీ దొరుకుతాయి. డెబియన్ 12కు దీర్ఘకాల మద్దతు 2028 జూన్ 30 దాకా ఉంది. బరువైన డెస్క్‌టాప్ బదులు ఐస్‌డబ్ల్యూఎం లాంటి విండో మేనేజర్ (కిటికీలను చూసుకునే చిన్న ప్రోగ్రామ్) ఉండటం వల్ల 1 జీబీ ర్యామ్‌లో ఊపిరాడుతుంది.

అంతకన్నా తక్కువ ర్యామ్ ఉంటే పప్పీ లినక్స్. ఇది 2003 నుంచి ఉంది, మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తుంది కాబట్టి హార్డ్‌డిస్క్ పాడైన మెషీన్‌లో కూడా పెన్‌డ్రైవ్ మీద నడిచిపోతుంది. ఇంకా చిన్నది టైనీ కోర్, ఇరవై పైచిలుకు ఎంబీలే. ఆల్పైన్ లినక్స్‌కు కూడా 32-బిట్ ఇమేజ్ ఉంది, అయితే అది కమాండ్లు అలవాటున్నవాళ్లకే. 486, తొలి పెంటియం లాంటివైతే రెండు దారులు: పాత డాస్ ప్రోగ్రాములు నడపాలంటే 1994లో మొదలైన ఫ్రీడాస్, యూనిక్స్ తరహా ఓఎస్ (లినక్స్‌దీ ఆ తరహాయే) కావాలంటే నెట్‌బీఎస్‌డీ. 256 ఎంబీ మెషీన్ మీద యూట్యూబ్ చూపిస్తానని మాత్రం ఎవరికీ మాటివ్వకండి.

నాలుగో మెట్టు: పెన్‌డ్రైవ్ లేదా సీడీ

ఇమేజ్ దించాక షా256 చెక్‌సమ్ (ఫైల్ చెడకుండా వచ్చిందో లేదో చెప్పే గుర్తు) సరిచూసుకోండి. మధ్యలో నెట్ తెగిన ఇమేజ్‌తో ఇన్‌స్టాల్ సగంలో ఆగితే కారణం పట్టుకోవడం చాలా కష్టం. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడానికి విండోస్‌లో రూఫస్, లినక్స్‌లో డీడీ కమాండ్ చాలు. డీడీ వాడేటప్పుడు ఎంటర్ కొట్టే ముందు డ్రైవ్ పేరు రెండుసార్లు చదవండి, తప్పు పేరిస్తే మీ సొంత హార్డ్‌డిస్క్ తుడిచిపెట్టుకుపోతుంది. 2003కు ముందు మెషీన్లు చాలావరకు పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవ్వవు. వాటికి సీడీయే రాయాలి. 700 ఎంబీ దాటిన ఇమేజ్ సీడీలో పట్టదు. యాంటీఎక్స్ నాలుగు సైజుల్లో వస్తుంది కాబట్టి చిన్నది తీసుకోవచ్చు.

చవక విండోస్ ట్యాబ్‌లు, టూ-ఇన్-వన్‌లు కొన్ని ఉన్నాయి, బే ట్రెయిల్ ఆటమ్‌వి. వాటి ప్రాసెసర్ 64-బిట్, కానీ యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చింది) 32-బిట్. మామూలు 64-బిట్ పెన్‌డ్రైవ్ పెడితే అసలు కనిపించనే కనిపించదు. దానికి 32-బిట్ యూఈఎఫ్ఐ బూట్ ఫైల్ ఉన్న ఇమేజ్ కావాలి. ఇది తెలియక మంచి ట్యాబ్‌లను పారేసినవాళ్లను చూశాను.

ఐదో మెట్టు: వెయ్యకముందు లైవ్‌లో చూడటం, తర్వాత వెయ్యడం

లైవ్‌గా బూట్ చేసి అరగంట వాడండి. యాంటీఎక్స్ లైవ్‌లో యూజర్ పేరు డెమో, పాస్‌వర్డ్ కూడా డెమో. సౌండ్ వస్తోందా, మూత వేసి తీస్తే లేస్తోందా, వై-ఫై పట్టిందా చూసుకోండి. స్క్రీన్ నల్లగా ఉండిపోతే బూట్ లైన్‌లో 'నోమోడ్‌సెట్' చేర్చి మళ్లీ ప్రయత్నించండి. వై-ఫై చిప్ పాత ఎథెరోస్ అయితే చాలావరకు వెంటనే పనిచేస్తుంది. బ్రాడ్‌కామ్ అయితే తరచూ విడిగా ఫర్మ్‌వేర్ దించాలి, అది దించాలంటే నెట్ కావాలి. ఈ ముడి విప్పడానికి తేలికైన దారి మీ జేబులోనే ఉంది: ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యండి. లినక్స్ దాన్ని మామూలు ల్యాన్ కార్డులా చూస్తుంది.

నెట్‌బుక్‌ల విషయంలో ఒక తంటా: స్క్రీన్ 1024 బై 600 మాత్రమే. ఇన్‌స్టాలర్ కిటికీ కింది భాగం, అంటే 'నెక్స్ట్' బటన్ ఉండే చోటు, స్క్రీన్ దాటిపోతుంది. ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని కిటికీని ఎక్కడైనా మౌస్‌తో పట్టి పైకి లాగండి, బటన్ బయటపడుతుంది.

ఇన్‌స్టాల్‌లో డిస్క్ విభజన అడిగితే పాత బయోస్ మెషీన్‌కు ఎంబీఆర్ పట్టికే ఎంచుకోండి. రూట్‌కు (ఓఎస్ ఉండే భాగం) ఎక్స్‌ట్4 ఫార్మాట్, స్వాప్‌కు (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే భాగం) 1 లేదా 2 జీబీ. ర్యామ్ తక్కువైతే తర్వాత జెడ్‌ర్యామ్ పెట్టుకుంటే మేలు, అది ర్యామ్‌లోనే డేటాని కుదించి పెడుతుంది. ఇక డబ్బు పెట్టగలిగితే ఒకే చోట పెట్టండి, హార్డ్‌డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ. 2008 నాటి సాటా (డిస్క్ కలిపే కనెక్టర్ రకం) ల్యాప్‌టాప్‌కు కూడా ఇవాళ్టి రెండున్నర అంగుళాల ఎస్‌ఎస్‌డీ సరిపోతుంది. ప్రాసెసర్ పాతదన్న సంగతే సగం మర్చిపోతారు.

ఆరో మెట్టు: తెలుగు

దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే అత్తకు కావాల్సిందే ఇది. డెబియన్ కుటుంబంలో ఫాంట్స్-టెలు, ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా అని రెండు ప్యాకేజీలున్నాయి. రెండోది వేస్తే పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. ప్రింట్‌లో పోతన అందంగా ఉంటుంది.

టైపింగ్‌కు ఐబస్ అనే పద్ధతి ఎక్కువమందికి తెలుసు. అందులో ఎం17ఎన్ అనే జోడింపు ద్వారా ఆర్‌టీఎస్ కూడా దొరుకుతుంది, ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగు పడుతుంది. కానీ అది నిరంతరం వెనకాల నడుస్తూ ర్యామ్ తింటుంది. 1 జీబీ మెషీన్‌లో నేను దాన్ని పెట్టను. సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ అనే చిన్న కమాండ్ చాలు. లేఅవుట్ దగ్గర 'యూఎస్', 'ఐఎన్', రెండో దాని వేరియంట్‌గా 'టీఈఎల్', మార్చుకోవడానికి ఆల్ట్-షిఫ్ట్. ఈ ఒక్క వరసని యాంటీఎక్స్ స్టార్టప్ ఫైల్‌లో రాసిపెడితే ఆన్ చేసినప్పుడల్లా తెలుగు సిద్ధం. అదనంగా ఏ ప్రోగ్రామూ నడవదు.

ఇలా వచ్చేది ఇన్‌స్క్రిప్ట్ అమరిక. కొత్తలో భయపెడుతుంది గానీ, లోపల మంచి లెక్క ఉంది: గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి. 'భక్తి' అన్న మాట కొట్టాలంటే షిఫ్ట్‌తో వై నొక్కితే భ, కె నొక్కితే క, డి నొక్కితే పొల్లు, ఎల్ నొక్కితే త, ఎఫ్ నొక్కితే గుడి. క కింద తావత్తు దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. అత్తకు కాగితం మీద అమరిక గీసి స్క్రీన్ పక్కన అతికించాను. మొదటి పాటకు ఒక మధ్యాహ్నమంతా పట్టింది, వారం తిరిగేసరికి కాగితం వంక చూడటం తగ్గింది.

ఒక హెచ్చరిక. ఎక్స్‌టెర్మ్ లాంటి పాత టెర్మినల్‌లలో తెలుగు ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి. అది ఫాంట్ తప్పు కాదు, ఆ ప్రోగ్రామ్‌కి అక్షరాలు పేర్చడం రాదు. జియానీ, అబీవర్డ్, లిబ్రేఆఫీస్ లాంటి రాసుకునే ప్రోగ్రాముల్లో సరిగ్గా వస్తాయి. లిబ్రేఆఫీస్ 1 జీబీలో తెరుచుకోవడానికి టైం తీసుకుంటుంది, ఒకసారి తెరుచుకున్నాక పని జరుగుతుంది.

ఏడో మెట్టు: బ్రౌజర్ గురించి నిజం

పాత మెషీన్‌ని కూలదోసేది చాలాసార్లు ఓఎస్ కాదు, ఇవాళ్టి వెబ్ పేజీలు. డిల్లో, నెట్‌సర్ఫ్ లాంటి చిన్న బ్రౌజర్లు తేలికగా చదివిస్తాయి గానీ చాలా సైట్లు వాటిలో తెరుచుకోవు. వీడియో తప్పదనుకుంటే బ్రౌజర్‌లో కాకుండా ఎంపీవీ అనే వీడియో ప్లేయర్‌లో 360పీ దగ్గర చూడండి. అప్‌డేట్లు ఆగిపోయిన బ్రౌజర్‌లో బ్యాంకు పనులు ఎంతమాత్రం చెయ్యొద్దు. చదువుకోవడానికైతే కివిక్స్ అనే ప్రోగ్రామ్‌లో తెలుగు వికీపీడియా మొత్తం దించి పెడితే నెట్ లేకుండానే తెరుచుకుంటుంది. పిల్లలున్న ఇంట్లో పాత కంప్యూటర్‌కు నాకు తెలిసి ఇంతకన్నా మంచి ఉద్యోగం లేదు.

పీసీ కాని మెషీన్లు

సంతలో అప్పుడప్పుడు తెల్లటి ఐబుక్ జీ4 ఒకటి కనిపిస్తుంది. 2006లో ఇంటెల్‌కు మారకముందు యాపిల్ వాడిన పవర్‌పీసీ ప్రాసెసర్ అందులో ఉంటుంది. పీసీ లినక్స్ ఏదీ దాని మీద ఎక్కదు. దానికి ఫ్రీబీఎస్‌డీకి బంధువులైన ఓపెన్‌బీఎస్‌డీ లేదా నెట్‌బీఎస్‌డీ వాడండి. రెండింటిలోనూ ఈ కుటుంబం పేరు మ్యాక్‌పీపీసీ. సీడీ రాసి, ఆన్ చేస్తూ సి కీ నొక్కి పట్టుకోండి. అది వినకపోతే కమాండ్, ఆప్షన్, ఓ, ఎఫ్ నాలుగూ కలిపి పట్టుకుంటే ఓపెన్ ఫర్మ్‌వేర్ తెర వస్తుంది. అక్కడ ఇవ్వాల్సిన బూట్ వరస ఆ విడుదలతో పాటు వచ్చే ఇన్‌స్టాల్ ఫైల్‌లో ఉంటుంది. దాన్ని ముందే ప్రింట్ తీసుకోండి. ఓపెన్‌బీఎస్‌డీ ఇన్‌స్టాలర్‌లో బొమ్మలుండవు, ఒక్కో ప్రశ్న అడుగుతుంది, చాలావాటికి ఎంటర్ కొడితే చాలు. వై-ఫైకి ఫర్మ్‌వేర్ దించాలి కాబట్టి ల్యాన్ కేబుల్ పెట్టే మొదలుపెట్టండి. ఫైర్‌ఫాక్స్ ప్యాకేజీ దీనికి లేదు. రాసుకోవడానికి, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి మాత్రం ఐబుక్ కీబోర్డు హాయిగా ఉంటుంది.

ఆఫీసుల నుంచి వచ్చిన సన్ కంపెనీవి, స్పార్క్ ప్రాసెసర్ ఉన్న వర్క్‌స్టేషన్ దొరికితే వదలకండి. 64-బిట్ స్పార్క్‌కు ఓపెన్‌బీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ రెండూ ఉన్నాయి. అంతకు ముందు 32-బిట్ వాటికి నెట్‌బీఎస్‌డీ. కీబోర్డు లేదని దిగులు వద్దు: కీబోర్డు పెట్టకుండా ఆన్ చేస్తే అది సీరియల్ పోర్టు 'ఏ' మీద మాట్లాడుతుంది, 9600 వేగంతో. నల్-మోడెమ్ కేబుల్, యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్ ఉంటే మీ ల్యాప్‌టాపే దానికి స్క్రీన్. 1993 నుంచి నెట్‌బీఎస్‌డీ వాళ్లు ఇలాంటి మెషీన్లన్నిటినీ ఒకే సోర్స్ నుంచి మోస్తున్నారు. ఒకదాని మీద నేర్చుకున్నది ఇంకోదాని మీద పనికొస్తుంది.

మొదటి తరం రాస్ప్‌బెర్రీ పై (చిన్న బోర్డు కంప్యూటర్) ఉంటే దాని ప్రాసెసర్ ఆర్మ్‌వీ6 రకం. మామూలు డెబియన్ ఆర్మ్ ఇమేజ్ దాని మీద నడవదు, 32-బిట్ రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ లైట్ తీసుకోండి.

చివరిగా, మూత లోపల ఒక కాగితం

పని పూర్తయ్యాక చిన్న కాగితం మీద ఇవి రాసి ల్యాప్‌టాప్ అడుగున గానీ, డెస్క్‌టాప్ మూత లోపల గానీ అతికించండి: ఓఎస్ పేరు, వెర్షన్, వేసిన తేదీ, బూట్ లైన్‌లో చేర్చిన మాటలేమైనా ఉంటే అవి, సెల్ మార్చిన తేదీ, అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయి. అత్త నెట్‌బుక్ అడుగున "యాంటీఎక్స్ 23, 32-బిట్, ర్యామ్ 2 జీబీ, అప్‌డేట్లు 2028 జూన్ దాకా" అని ఉంది. దాని కిందే ఆమె పెన్నుతో ఇంకో వరస రాసుకుంది: "తెలుగుకు ఆల్ట్ షిఫ్ట్."